పాలు పొంగిన పాట

రెండో లైనులో ఏడో మిషను ముందు మోకాళ్ళ మీద కూర్చుని, దాని ఇనప పొట్టకు చెవి ఆనించి, కళ్ళు మూసుకుని వింటున్నాడు నూనెబుడ్డి. పైన స్టూలు మీద కూర్చున్న అమ్మాయి "తొక్కనా బాబాయ్?" అంటే, మెల్లిగా అన్నట్టు వేలు ఊపాడు. మిషను నడిచింది. టకటకల మధ్య ఎక్కడో, అన్నంలో రాయి పంటికి తగిలినట్టు ఒక చిన్న కిర్రు. "ఆపు" అని, కింద మూత విప్పి, రెండు చుక్కల నూనె వేసి, ఒక మరను పావు చుట్టు బిగించి, మళ్ళీ చెవి ఆనించాడు. కిర్రు పోయింది.

"చెవితో రిపేరు చేసే మనిషిని నిన్నే చూశా బాబాయ్," అంది అమ్మాయి.

"కళ్ళు మందగించాయి కదమ్మా. ఉన్నదాంతోనే నెట్టుకురావాలి," అని, బల్ల అంచు పట్టుకుని లేచాడు.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పొట్టి. కళ్ళజోడు కాడ ఒకటి విరిగితే కుట్టు దారంతో చుట్టుకున్నాడు, ఆ దారం తెల్లదో నల్లదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. చేతి గీతల్లో నూనె ఇంకిపోయి, అరచెయ్యి చూస్తే ఎవరో పెన్నుతో గీసినట్టు ఉంటుంది. కుడి బొటనవేలు మిగతా వేళ్ళతో వరస కలవనంత వెడల్పు. అదెందుకలా అయిందో అతనికీ అతని అక్కకూ మాత్రమే తెలుసు. స్కూలు యూనిఫాంలూ ఆసుపత్రి కోట్లూ కుట్టే ఈ ఫ్యాక్టరీలో చేరి ముప్పై ఎనిమిదేళ్ళయింది. చేరిన రోజు నుంచీ నూనెడబ్బా చేతిలో ఉండబట్టి అందరికీ నూనెబుడ్డే. జీతం కాగితం మీద వేరే పేరు ఉంటుంది గానీ, ఆ పేరుతో పిలిస్తే అతనే వెనక్కి తిరిగి చూడడు.

ఇవాళ అతని పనిముట్ల సంచీ రోజూకన్నా బరువుగా ఉంది. స్క్రూడ్రైవర్ల మీద, పాత తువ్వాలులో చుట్టి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు పడుకోబెట్టిన వస్తువు ఒకటి ఉంది. అది అక్క టేప్ రికార్డరు. దాని పక్కనే రెండు క్యాసెట్లు, కొత్త బ్యాటరీలు నాలుగు.

పొద్దున అది సంచీలో పెడుతుంటే భార్య గుమ్మంలో నిలబడి చూసింది. వేరే రోజైతే, "ఆ పెట్టెను నెత్తిన పెట్టుకుని ఊరేగండి అక్కాతమ్ముళ్ళు" అని ఉండేది. ముప్పై ఏళ్ళుగా ఆ ఇంట్లో వదినామరదళ్ళ తగువంతా ఆ పెట్టె చప్పుడు మీదే. ఇవాళ మాత్రం క్యారేజీ చేతికిచ్చి, "నిన్నటి సీరియల్లో పెద్దకోడలు ఇంటికి తిరిగొచ్చేసిందని చెప్పండి వదినకి. మరిచిపోయేరు," అంది. అక్క ఆసుపత్రిలో చేరి పదకొండు రోజులైంది. పదకొండు రోజులుగా, ఎప్పుడూ ఆ సీరియల్ని తిట్టే మనిషే, ఏడింటికల్లా టీవీ పెట్టుకుని కూర్చుంటోంది. కథ మధ్యలో ఆగిపోతే వదిన ఊరుకోదని.

కథ ఆగిపోయేలాగే ఉంది. మొన్న డాక్టరు అతన్ని వరండాలోకి పిలిచి, "ఊపిరితిత్తులు బాగుచెయ్యడం ఇంక నావల్ల కాదు. రెండు రోజులో, మూడు రోజులో. అడిగింది పెట్టండి, అడిగింది వినిపించండి," అన్నాడు. అక్క పెట్టమని ఏమీ అడగలేదు. వినిపించమని మాత్రం అడిగింది.

నిన్న జరిగిందది. నూనెబుడ్డి కూతురు, చదువుకున్న పిల్ల, అత్తంటే ప్రాణం, ఫోనులో ఎక్కడో వెతికి వెతికి ఆ పాట పట్టుకుంది. మంచం పక్కన కూర్చుని, "అత్తా, నీ పాల పాట!" అని అత్త చెవి దగ్గర పెట్టింది. ముందు గిటారు ఒక్కటే, మెల్లగా, చాలాసేపు వాయించాడెవరో. అక్క నుదురు ముడిచింది.

"ఇదెవరిదే?"

"నీదే అత్తా! ఆగు, వస్తుంది."

డ్రమ్ములు వచ్చాయి, గొంతు వచ్చింది. అప్పుడు గుర్తుపట్టింది అక్క. దుప్పటి కింద కుడిపాదం కదలడం మొదలైంది. పాట సగానికి వచ్చేసరికి చూపుడువేలు పైకెత్తి ఆపింది, ఇదిగో ఇప్పుడు చూడు అన్నట్టు. పాట ఆ చోటు దాటిపోయింది. వేలు అలాగే గాల్లో ఉంది.

"పాలేవే?"

పిల్ల మొహం చిన్నబోయింది. అక్క ముక్కుగొట్టం సర్దుకుని, తమ్ముడి వైపు చూసి, మాటకీ మాటకీ మధ్య గాలి వెతుక్కుంటూ అంది: "ఒరేయ్ బుడ్డోడా. మనది తేరా. ఒక్కసారి. అది వింటే చాలు నాకు."

ఆ పాలేమిటో చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి. అతనికి పన్నెండేళ్ళు, అక్కకు పద్దెనిమిది. అప్పుడే ఈ ఫ్యాక్టరీలో గుండీల కన్నాలు కుట్టే కాజాల మిషను మీద చేరింది. వాళ్ళ వీధి మొత్తానికి టీవీ ఒక్క ఇంట్లోనే ఉండేది. ఆ ఇంటావిడను పిల్లలంతా టీవీ అత్తయ్య అనేవారు. మంచిదే, కాకపోతే రూళ్ళకర్ర లాంటి మనిషి. కాళ్ళు కడుక్కుని రావాలి, గోడకు ఆనుకోకూడదు, సరిగ్గా తొమ్మిదికి వాళ్ళాయన పడుకుంటాడు కాబట్టి, తెర మీద ఎవరు ఎవర్ని చంపుతున్నా సరే, టీవీ కట్టేయాలి. గురువారం సాయంత్రం అరగంట విదేశీ పాటలు వచ్చేవి. జుట్టు భుజాల దాకా పెంచుకున్న మగవాళ్ళు గిటార్లు పట్టుకుని, ఎవరో తమ ఆస్తంతా కాజేసినట్టు అరిచేవారు. మిగతా పిల్లలు నవ్వి లేచిపోయేవారు. అక్క మాత్రం నోరు తెరుచుకుని చూసేది. మాట ఒక్కటి అర్థం కాకపోయినా, "చూడరా, మనకొచ్చే కోపమే వాళ్ళకీ వచ్చింది" అనేది.

మొదటి ఏడాది ఓవర్‌టైమంతా పోగేసి ఆ టేప్ రికార్డరు కొనుక్కుంది. గురువారం గురువారం దాన్ని చీరచెంగులో దాచుకుని తీసుకెళ్ళి, టీవీ ముందు నేల మీద పెట్టేది. రికార్డు కావాలంటే రెండు మీటలు ఒకేసారి నొక్కాలి. నల్లది తేలికే. ఎర్రది బిగువు, అక్క సన్న వేలికి లొంగేది కాదు. అది తమ్ముడి కుడి బొటనవేలి పని. ఏ పాట వస్తుందో ముందే తెలియదు కదా. మొదలయ్యాక, నచ్చిందనుకున్నాక, అక్క "ఊఁ" అనేది, ఇద్దరూ నొక్కేవారు. అప్పటికి పాట తల పోయేది. అందుకే అక్క దగ్గరున్న ఏ పాటకూ తల లేదు. ప్రతి పాటా అక్క ఊఁ‌లో చివరి సగంతోనే మొదలవుతుంది. పాటల పేర్లు తెలియవు కాబట్టి వాళ్ళే పెట్టుకున్నారు. కోపం పాట, మూడుసార్లు దగ్గినవాడి పాట, కుర్చీ విరిగిన పాట.

ఒక గురువారం అన్నిటికన్నా గొప్ప పాట వచ్చింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. సరిగ్గా సగంలో, గిటారు ఆగి, గొంతు ఒక్కటే మిగిలి, గదంతా నిశ్శబ్దమైపోయిన చోట, వెనకనుంచి టీవీ అత్తయ్య కేక: "పాలు! ఒరేయ్, పాలు పొంగుతున్నాయి!" అక్క కదలలేదు. కాలితో తమ్ముణ్ణి ఒక్క తన్ను తన్నింది. వాడు పరిగెత్తాడు, గిన్నె కింద పడింది, అత్తయ్య శాపనార్థాలు, అక్క నోరు నొక్కుకున్న నవ్వు, ఆ నవ్వు మీదే మళ్ళీ డ్రమ్ములు. అంతా టేపులోకి ఎక్కేసింది. ఆ వారం అక్క ఏడ్చింది, పాట పాడైపోయిందని. నెల తిరిగేసరికి, ఆ కేక లేకుండా పాటేమిటి అనే స్థితికి వచ్చింది. కేక ఎప్పుడొస్తుందో సరిగ్గా తెలుసు కాబట్టి, వేలెత్తి అత్తయ్యకు సైగ చేసేది, ఇప్పుడు కేక వెయ్యి అన్నట్టు. టీవీ అత్తయ్య పోయి ఇరవై ఏళ్ళయినా, అక్క వేలెత్తితే చాలు, అరుస్తూనే ఉంది.

నలభై ఆరేళ్ళలో ఆ టేపును ఎన్నిసార్లు విన్నారో లెక్కలేదు. ఫ్యాక్టరీలో అక్క పెడలు తొక్కితే ఆ పాటల దరువే. ముక్కుతో గిటారు వాయిస్తుందని గిటారమ్మ అని పేరు పెట్టారు. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళతో, "సినిమా మధ్యలో లేపనివాడు దొరికితే చెప్పండి, చూద్దాం" అనేది. దొరకలేదో, వెతకలేదో. తమ్ముడి ఇంట్లో ముందు గదిలో, కిటికీ పక్క మంచం, మంచం కింద క్యాసెట్ల పెట్టె. ఆ పెట్టెకు ఒక చట్టం ఉంది: విన్నవాళ్ళు టేపును మొదటికంటా చుట్టి పెట్టాలి. చుట్టకుండా పెట్టినవాడు గాడిద. ఈ మాట అట్టమీద అక్క రాతలోనే ఉంటుంది.

ఇప్పుడు ఆ గాడిద ఎవరో నూనెబుడ్డికి తెలుసు. అక్కను ఆసుపత్రిలో చేర్చి వచ్చిన మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, అక్క మంచం మీద కూర్చుని ఆ టేపు పెట్టుకున్నాడు. పాల పాట అయినా ఆపలేదు, చివరిదాకా విన్నాడు. చివర్లో లోపల ఏదో టప్పుమంది. బెల్టు తెగింది. ఆదివారం చూద్దాంలే అని అలాగే కట్టి పెట్టేశాడు. ఆదివారం ఆసుపత్రిలోనే గడిచిపోయింది.

పదింటి టీ గంట కొట్టగానే స్టోరు గది మూలకు వెళ్ళి రికార్డరు విప్పాడు. తెగిన బెల్టు సాగి, మెత్తబడి, వేలికి తారులా అంటుకుంది. అలాంటిది ఇప్పుడు ఏ అంగట్లోనూ దొరకదు. లోకంలో ఉన్న కుట్టుమిషన్లన్నిటికీ అతని దగ్గర విడిభాగాలున్నాయి, దీనికి తప్ప. బాబిన్‌కు దారం చుట్టే చక్రం మీది రబ్బరు రింగు వేసి చూశాడు. లావు, కదలలేదు. చొక్కాల చేతులకు వేసే సన్న ఎలాస్టిక్‌ను ముడివేసి చూశాడు. తిరిగింది గానీ, ముడి వచ్చిన ప్రతిసారీ పాట ఎక్కిళ్ళు పెట్టింది. గంట మళ్ళీ కొట్టారు.

భోజనాల వేళ క్యారేజీ మూత తీయనే లేదు. బట్ట అంచులు కుట్టే పాత ఓవర్‌లాక్ మిషను ఒకటి మూల పడి ఉంటే, దాని పొట్ట తెరిచి, సన్న రబ్బరు రింగు ఒకటి లాగాడు. చేతిలో సాగదీసి చూశాడు, వదిలాడు, చెవి దగ్గర పెట్టి మీటి చూశాడు. వేశాడు. పాల టేపు పెట్టే ధైర్యం లేక ముందు కోపం పాట టేపు పెట్టాడు. చక్రాలు తిరిగాయి. అక్క ఊఁ‌లో చివరి సగం వినిపించింది. పాట కాస్త నిదానంగా నడిచింది. పాడేవాడికి జలుబు చేసినట్టుంది, అంతే. లైను అమ్మాయిలు నలుగురు చేరారు.

"ఏం పాట బాబాయ్ ఇది? ఎందుకలా అరుస్తున్నాడు?"

"ఓవర్‌టైము ఇవ్వలేదటమ్మా."

అమ్మాయిలు నవ్వారు. ఒకతి భుజాలు ఊపింది. వెనక్కి చుట్టే మీట నొక్కి చూశాడు. రింగు జారిపోయింది. వెనక్కి లాగే సత్తువ దానికి లేదు. పోనీ, ముందుకు నడిస్తే చాలు, ఒక్క పాటే కదా అనుకున్నాడు. పాల టేపు ఎక్కడ ఆగి ఉందో అప్పుడు తట్టలేదు. ఆకలి మీద ఉన్న మనిషి, సంతోషంలో ఉన్న మనిషి.

ఆసుపత్రిలో చూడనిచ్చేది నాలుగు నుంచి ఐదున్నర దాకా. ఫ్యాక్టరీ వదిలేది ఐదున్నరకు. పొద్దుననే సూపర్‌వైజరు దగ్గర మాట తీసుకున్నాడు. ఆమె అక్క చేతికింద కాజాలు కుట్టడం నేర్చుకున్న మనిషే. "గిటారమ్మ దగ్గరికంటే ఆపే మొహమా అన్నా నాది? మూడున్నరకి నేనే గేటు దాకా వచ్చి పంపిస్తా," అంది.

మూడుంబావుకు కాజాల మిషను ఆగిపోయింది.

ఆగిన మిషను మరొకటైతే అతను అంత ఉలిక్కిపడేవాడు కాదు. అది మూడో లైను మొదటిది, కిటికీ పక్కది, ఇరవై తొమ్మిదేళ్ళు అక్క కాలికింద నడిచింది. దాని పెడలు మీద కుడివైపు అక్క మడమ అరగదీసిన గుంట ఇంకా ఉంది. బయట లారీ నిలబడి ఉంది. నాలుగు వందల ఆసుపత్రి కోట్లు, అన్నిటికీ కాజాలు తెరవాలి.

సూపర్‌వైజరు వచ్చి అతని వెనక నిలబడింది. "నీ కాళ్ళు పట్టుకుంటా అన్నా," అంది. "ఈ లారీ కదలకపోతే నన్ను ఇంటికి పంపేస్తారు. వేరే ఎవరి చేతికీ ఇది లొంగదు, నీకు తెలుసు. నా చేతిలో ఏముంది చెప్పు."

నిజమే. ఆమె చేతిలో ఏమీ లేదు, అతని చేతిలో స్క్రూడ్రైవరు ఉంది. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బట్టను చీల్చే చిన్న కత్తి పైకి వెళ్ళి కిందికి దిగడం లేదు. లోపల స్ప్రింగు రెండు ముక్కలు. కొత్తది స్టోరులో లేదు. ఇంకో స్ప్రింగు తీసి, ఆకురాయితో చివర అరగదీసి, వంచి, పెట్టి, తీసి, మళ్ళీ అరగదీశాడు. చెమట కళ్ళజోడు మీద పడుతోంది. గోడ గడియారం వైపు చూడకూడదనుకుంటూనే ప్రతి అరగదీతకూ చూశాడు. మూడున్నర. మూడు నలభై. నాలుగు. "ఏమే," అన్నాడు మిషనుతో, గొంతు తగ్గించి, "ఆవిడ దగ్గరికే వెళ్తున్నానే. వదలవే." పక్క అమ్మాయి విని, తల తిప్పేసుకుంది.

నాలుగుంబావుకు కత్తి దిగింది. టక్. సూపర్‌వైజరు అప్పటికే సంతకం చేసి పట్టుకున్న గేటు పాసు అతని జేబులో కుక్కి, సంచీ భుజానికి తగిలించింది. "పో అన్నా, పో. నేనడిగానని చెప్పు."

బస్సులో నిలబడే ఉన్నాడు. సీటు ఇచ్చినా కూర్చోలేదు, కూర్చుంటే బస్సు ఆలస్యమవుతుందేమో అన్నట్టు. సంచీని రెండు చేతులతో పొట్టకు హత్తుకున్నాడు. ప్రతి సిగ్నలు దగ్గరా అతని పాదం ఉన్న చోటే తొక్కుతోంది.

వార్డులో అక్కది చివరి మంచం. గోడ రంగు లేత ఆకుపచ్చ, కిటికీకి సగం అద్దం, అందులోంచి నీళ్ళ ట్యాంకు తప్ప ఏమీ కనపడదు. నిన్నటికన్నా మనిషి ఇంకా తగ్గింది. దుప్పటి కింద ఒళ్ళు ఉందో, దుప్పటి మడతలే అలా ఉన్నాయో తెలియడం లేదు. కళ్ళు మాత్రం తలుపు వైపే ఉన్నాయి. ఐదుకు పది నిమిషాలు.

"తెచ్చావా?"

"తెచ్చానక్కా."

"ఇంతసేపా."

"నీ మిషనే ఆగిపోయింది."

అక్క పెదవి ఒక పక్కకు వంగింది. "దానికి... నేనంటే అసూయ."

చిన్న బల్ల మీద మందుసీసాలు జరిపి రికార్డరు పెట్టాడు. బ్యాటరీలు వేశాడు. పాల టేపు పెట్టి నల్ల మీట నొక్కాడు. ఒక్క తిప్పు తిరక్కుండానే మీట టక్కున లేచిపోయింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ లేచింది. కళ్ళజోడు పైకి తోసి చిన్న అద్దంలోంచి చూశాడు. టేపంతా కుడి చక్రం మీద, నల్లగా, లావుగా. ఎడమ చక్రం ఖాళీ. పాల పాట ఆ వైపు మొట్టమొదటిది.

వెనక్కి చుట్టే మీట నొక్కితే రింగు జారుతుందని తెలిసీ నొక్కాడు. జారింది. విప్పి, సర్ది, మళ్ళీ బిగించాడు.

"ఏమైందిరా?"

"ఏం లేదక్కా. చుట్టాలి."

అక్క కళ్ళు మూసి తెరిచింది. "ఎవడు ఆ గాడిద?"

"నేనే."

"తెలుసు."

మందులిచ్చే నర్సమ్మ అటు వెళ్తుంటే, "అమ్మా, ఆ పెన్ను ఒక్కసారి," అని అడిగి తీసుకున్నాడు. ఆరు పలకల పెన్ను. క్యాసెట్టు ఎడమ కన్నంలో దూర్చాడు. పళ్ళకు సరిగ్గా పట్టింది. తిప్పడం మొదలుపెట్టాడు. చిన్నప్పుడు బ్యాటరీలు దాచుకోవడానికి ఇలాగే చుట్టేవారు, వంతులవారీగా, నూరు చుట్లు అక్క, నూరు చుట్లు తను. గిర్రున తిప్పితే టేపు మెలికపడుతుంది. పాత టేపు, తెగినా తెగుతుంది. మెల్లగానే తిప్పాలి. గిర్, గిర్, గిర్.

"మా ఆవిడ చెప్పమంది. పెద్దకోడలు ఇంటికొచ్చేసిందట."

"రాదా మరి. ఎన్నాళ్ళు... పుట్టింట్లో."

దుప్పటి కింద కుడిపాదం కదులుతోంది. చక్రం తిరిగే చప్పుడుకే దరువు వేస్తోంది. అది చూసి అతనికి ధైర్యం వచ్చింది. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉంటే మెలకువగా ఉంటుందనుకున్నాడు.

"అక్కా, ఆ లైట్‌హౌసు సినిమా గుర్తుందా?"

ఉండకేం. టీవీ అత్తయ్య ఇంట్లో శనివారం సినిమాలు ఎనిమిదింటికి వార్తలయ్యాక మొదలై, తొమ్మిదికి సగంలో తెగిపోయేవి. ఏడుస్తూ ఇంటికి నడిచే తమ్ముడికి దారిలో మిగతా కథ అక్కే కల్పించి చెప్పేది. అలా అతనికి తెలిసిన సినిమాలన్నిటికీ చివరలు అక్కవే. లైట్‌హౌసు మీద దీపం వెలిగించే ముసలివాడు, సముద్రంలోకి పోయిన కొడుకు. అక్క చెప్పిన కథలో కొడుకు తుఫానులో దీపం చూసుకుంటూ తిరిగి వస్తాడు, ముసలివాడు మెట్లు దిగలేక పైనుంచే చెయ్యి ఊపుతాడు. ఐదేళ్ళ కిందట ఆ సినిమా టీవీలో పూర్తిగా వచ్చింది. కొడుకు రాలేదు. ముసలివాడు ఊరికే దీపం ఆర్పేసి పడుకున్నాడు, అక్కడితో అయిపోయింది. ఆ రోజు నూనెబుడ్డి అన్నం సయించక లేచిపోయాడు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. అక్కకు అసలు చెప్పలేదు.

"దాన్ని మొత్తం చూశానక్కా ఈమధ్య టీవీలో," అన్నాడు ఇప్పుడు, చక్రం వైపే చూస్తూ. "అచ్చం నువ్వు చెప్పినట్టే తీశాడు. కొడుకొచ్చాడు."

గొట్టంలో గాలి బుసబుసమంది.

"చాల్లే. నేనూ చూశాను... ఎప్పుడో. ఫ్యాక్టరీ క్యాంటీన్లో."

పెన్ను ఆగింది. "మరి నాకు చెప్పలేదే?"

"నువ్వు చెప్పావా?"

ఇద్దరికీ నవ్వొచ్చింది. అక్క నవ్వు దగ్గులోకి జారింది. అతను వీపు కింద చెయ్యి వేసి లేపి పట్టుకున్నాడు. చేతికి ఎముకలు తగిలాయి, పాత కుర్చీ పేముల్లా. దగ్గు తగ్గాక దిండు మీదకు మెల్లగా దించాడు.

"ఏది బాగుందిరా?" అంది.

"నీదే. నీదే బాగుంది."

"ఊఁ," అని కళ్ళు మూసుకుంది. "చుట్టు, చుట్టు. టైమైపోతుంది."

అతను బల్ల వైపు వంగి తిప్పడం మొదలెట్టాడు. కుడి చక్రం సన్నబడుతోంది, ఎడమది లావవుతోంది. వేళ్ళు తిమ్మిరెక్కితే చెయ్యి మార్చాడు. ఒకచోట టేపు కాస్త ముడతపడి బయటికి వచ్చింది. ఊపిరి బిగబట్టి, చిటికెన గోరుతో లోపలికి నెట్టి, వదులు లాగి, మళ్ళీ తిప్పాడు. "ముడతపడిందక్కా, పర్లేదు, సర్దాను," అన్నాడు. కాసేపాగి, "మూడుసార్లు దగ్గినవాడిది దాటేశాంలే," అన్నాడు. "ఇప్పుడు కుర్చీ విరిగిన పాట మీదున్నాం అనుకుంటా." తర్వాత, "సూపర్‌వైజరు అడిగానని చెప్పమంది," అన్నాడు. పక్క మంచాల దగ్గర చుట్టాలు ఒక్కొక్కరే లేచి, చెప్పులు వెతుక్కుంటున్నారు. నీళ్ళ ట్యాంకు మీద ఎండ ఎర్రబడి పక్కకు జారింది. గిర్, గిర్, గిర్.

నర్సమ్మ వచ్చింది. పెన్ను కోసం కాబోలనుకున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు: "ఇంకో రెండు నిమిషాలమ్మా. అయిపోవచ్చింది. ఒక్క పాట, అంతే, చిన్నగా పెడతాను."

ఆమె పెన్ను అడగలేదు. మంచం అవతలి వైపు వెళ్ళి, అక్క మణికట్టు పట్టుకుని నిలబడింది. తర్వాత మెడ దగ్గర రెండు వేళ్ళు పెట్టింది. తర్వాత అతని వైపు చూసింది. అతను ఇంకా తిప్పుతూనే ఉన్నాడు.

"బాబాయ్," అంది. రోజూ అందర్నీ కసిరే గొంతు కాదది. "ఎంతసేపైంది ఆవిడ మాట్లాడి?"

అప్పుడు చూశాడు. ముందు పాదం వైపు చూశాడు, మొహం వైపు కాదు. దుప్పటి మీద చిన్న గుట్టలా ఉంది పాదం, మిషను ఆపేశాక పెడలు మీద వదిలేసినట్టు.

"ఇప్పుడే," అన్నాడు. "ఇప్పుడే కదా, చుట్టమంది."

ఆ మాట తర్వాత అతనికి చేయడానికి ఏమీ లేకపోయింది. విప్పడానికి మర లేదు, వేయడానికి నూనె చుక్క లేదు. చెవి ఆనిస్తే తెలిసేది కూడా ఏమీ లేదని తెలిసీ, వంగి, అక్క గుండె మీద చెవి పెట్టాడు. కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నాడు. నర్సమ్మ వద్దనలేదు. తర్వాత ఆమే అతని భుజం పట్టి లేపి, ఇంటికి ఫోను చేసుకోమని వరండాలోకి నడిపించింది. భార్య ఎత్తింది. అతను ఏమీ చెప్పకముందే, వెనక టీవీ గోల ఆగిపోయింది.

ఐదున్నర గంట మోగింది. ఆయా వచ్చి కిటికీ మూసి, మంచానికి అడ్డంగా తెర లాగింది. తెరకు ఇవతల, మందుసీసాల పక్కన, మూత తెరిచిన టేప్ రికార్డరు, దాని మీద "పాలు. చెరపొద్దు" అని అక్క రాతలో ఉన్న క్యాసెట్టు. కుడి చక్రం పూర్తిగా ఖాళీ అయింది, టేపు మొదటికంటా చుట్టుకుంది, ఎడమ కన్నంలో నర్సమ్మ పెన్ను అలాగే నిలబడి ఉంది.